తాను హిప్‌స్టర్‌నని ఎవరూ ఒప్పుకోరెందుకు? ఉపసంస్కృతులు గీసుకొనే గీతల గురించి

గోదారిగట్టు (న్యూజెర్సీ)

సభ్యులకు నమస్కారం. 2009 నుంచి ఆరేళ్లపాటు నేను న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, విలియమ్స్‌బర్గ్ పేటకు కూతవేటు దూరంలో ఉన్న ఒక ఆఫీసులో పనిచేశాను. హిప్‌స్టర్ల (పదిమందికీ భిన్నమైన వేషం, అభిరుచులు కోరుకునే కుర్రకారు) రాజధాని అని పత్రికలు పేరు పెట్టిన పేట అది. మందపాటి నల్ల ఫ్రేము కళ్లజోడు, గళ్ల చొక్కా, కాళ్లకు అతుక్కుపోయిన జీన్సు, దట్టంగా పెంచిన గడ్డం, ఫిక్స్‌డ్ గేర్ సైకిలు, ఇవన్నీ ఒకే మనిషి దగ్గర చూడాలంటే బెడ్‌ఫర్డ్ ఎవెన్యూ మీద ఐదు నిమిషాలు నిలబడితే చాలు. అయితే ఆ ఆరేళ్లలో "నేను హిప్‌స్టర్‌ని" అని చెప్పుకున్న మనిషి ఒక్కడూ నాకు తారసపడలేదు. పైన చెప్పిన సరంజామా అంతా ఉన్న సహోద్యోగి ఒకరిని నేరుగా అడిగితే, అతడు నొచ్చుకొని, తాను ఆ పేటకు 2001లోనే వచ్చానని, హిప్‌స్టర్లంటే తన తర్వాత వచ్చి చేరినవాళ్లని సమాధానమిచ్చాడు.

అదే వీధి వెంట దక్షిణానికి నడుస్తూ పోతే, రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూర్పు యూరప్ నుంచి వచ్చి స్థిరపడిన, మతాచారాన్ని కట్టుదిట్టంగా పాటించే సాత్మార్ హసిదిక్ యూదుల ఇళ్లు మొదలవుతాయి. అక్కడి మగవాళ్లకూ గడ్డాలే. నల్లటి పొడుగుకోటూ, చెంపల పక్కన మెలికలు తిరిగి వేలాడే కురులూ చూసి వారిని వీధి చివరి నుంచే గుర్తుపట్టవచ్చు. వారిలో ఎవరిని అడిగినా తామెవరో, ఏ గురుపరంపరకు చెందినవారో తడుముకోకుండా చెబుతారు. ఒకే వీధిలో ఉన్న ఈ రెండు గడ్డాలలో ఒకటి తన పేరు చెప్పుకొని వేరుగా నిలబడుతుంది, రెండోది పేరెత్తితే ఉలిక్కిపడుతుంది. తన పేరునే ఒప్పుకోని గుంపును ఉపసంస్కృతి (పెద్ద సమాజంలోనే వేరు వేషం, వేరు పద్ధతులతో నిలిచే గుంపు) అనవచ్చునా, అనగలిగితే అది తన చుట్టూ గీతను దేనితో గీసుకుంటుంది అన్నది నా ప్రశ్న.

పాతపుస్తకం (విజయవాడ)

మీ సహోద్యోగి చెప్పిన సమాధానంలోనే సగం జవాబు ఉంది. "నేను ముందు వచ్చాను" అన్నది ఆ మాట పుట్టుకలోనే ఉన్న సంగతి. అమెరికాలో 1930లు, 40లలో జాజ్ సంగీతం చుట్టూ తిరిగేవాళ్లు లోగుట్టు ఎరిగినవాణ్ణి "హెప్" అనేవారు. ఆ మాట రేడియోల ద్వారా, పత్రికల ద్వారా ఊరందరి నోటికీ ఎక్కేసరికి అసలువాళ్లు దాన్ని వదిలేసి "హిప్" అనడం మొదలుపెట్టారు. బయటివాడు ఇంకా పాత మాటే పలుకుతుంటే వాడు బయటివాడని ఒక్క అచ్చుతో తెలిసిపోయేది. ఆ "హిప్" నుంచి వచ్చినవాడే హిప్‌స్టర్. అంటే ఆ పదానికి మూలార్థం గడ్డమూ కాదు, చొక్కా కాదు, ఎరుక. అదీ అందరికంటే ముందు కలిగిన ఎరుక.

ఆ తొలి హిప్‌స్టర్ల విషయంలో నల్లజాతి సంగీతకారుల భాషనూ, నడకనూ, ధీమానూ తెల్ల కుర్రవాళ్లు అరువు తెచ్చుకున్నారు. అమెరికన్ రచయిత నార్మన్ మెయిలర్ 1957లో దాని మీద రాసిన పెద్ద వ్యాసం అప్పుడే వివాదమైంది. తర్వాత 1960లలో పాతతరం వాళ్లు తమ వెనుక వచ్చిన పిల్లకాయలను చిన్నచూపుతో "హిప్పీ" అన్నారు. చివరికి లోకానికి గుర్తున్నది ఆ చిన్నచూపు మాటే. హిప్‌స్టర్ అన్న పదం మాత్రం 1990ల చివరిలో న్యూయార్క్‌లో మళ్లీ లేచింది, ఈసారి తిట్టుగా. 2009లో ఆ నగరంలోని న్యూ స్కూల్ విశ్వవిద్యాలయంలో ఎన్‌ప్లస్‌వన్ పత్రికవాళ్లు ఈ విషయం మీద ఒక చర్చ జరిపి, 2010లో దాన్ని పుస్తకంగా వేస్తూ "హిప్‌స్టర్ అంటే ఎవరు" అని కాక "ఎవరుండేవారు" అని భూతకాలంలో పేరు పెట్టారు. ప్రపంచంలోని సగం నగరాలకు ఆ వేషం ఇంకా చేరనే లేదు, అప్పటికే దినం పెట్టేశారు. నలుగురికీ తెలిసేలోపు తద్దినం పెట్టేయడం కూడా ఆ కులాచారమే కాబోలు.

రేవతి (లీసెస్టర్)

బ్రిటన్‌లో ఉపసంస్కృతుల మీద జరిగిన అధ్యయనం ఇక్కడ పనికివస్తుంది. యుద్ధం ముగిశాక లండన్ సెవిల్ రో దర్జీలు ఏడవ ఎడ్వర్డ్ కాలపు పొడుగుకోటును మళ్లీ కుట్టి ధనిక యువకులకు అంటగట్టబోయారు. 1950ల తొలినాళ్లలో దక్షిణ లండన్ కూలి కుటుంబాల కుర్రవాళ్లు అదే కోటును తొడుక్కొని వీధుల్లోకి వచ్చేసరికి ధనికులు దాన్ని విడిచిపెట్టారు. ఆ కుర్రవాళ్లే టెడ్డీ బాయ్స్. పై అంతస్తువాడి కోటును కింది అంతస్తువాడు లాక్కోవడం అందులోని పొగరు. తర్వాత పంక్ రాక్ సంగీతం చుట్టూ చేరిన కుర్రకారు ఇంట్లో ఉండే పిన్నీసును చెవికీ చెంపకీ గుచ్చుకున్నారు. మామూలు వస్తువుకున్న మామూలు అర్థాన్ని దొంగిలించి పెద్దల ముఖాన కొట్టడమే శైలి అని బ్రిటిష్ పరిశోధకుడు డిక్ హెబ్డిజ్ 1979లో వివరించారు.

హిప్‌స్టర్ల దగ్గర ఈ ప్రయాణం తలకిందులైంది. లారీ డ్రైవర్ల టోపీ, కార్మికుల బీరు, మెకానిక్ పేరు కుట్టిన పాత చొక్కా, ఇవన్నీ కింది నుంచి పైకి, అంటే కళాశాలల్లో చదువుకున్న పిల్లల ఒంటి మీదికి వెళ్లాయి. టెడ్డీ బాయ్ కోటు చూసి దాని పాత యజమానులకు కోపం వచ్చింది. లారీ టోపీ చూసి ఎవరికి కోపం రావాలి?

గీత గురించి ఇంకొక మాట. సారా థార్న్‌టన్ అనే పరిశోధకురాలు 1980ల చివర, 90ల మొదట బ్రిటన్ డాన్సు క్లబ్బులను గమనించి, అక్కడివాళ్లు తమకున్న ఎరుకను ఒక రకమైన ఆస్తిలా చూసుకుంటారని 1995లో రాశారు. ఆ ఆస్తి విలువ నిలబడాలంటే అది లేనివాళ్లు ఉండాలి కదా. అందుకని క్లబ్బులవాళ్లు "షారన్, ట్రేసీ" అన్న రెండు పేర్లు ఎప్పుడూ తలుచుకునేవారు: చేతిసంచులు నేల మీద పెట్టి వాటి చుట్టూ తిరుగుతూ, జనాదరణ పొందిన పాటలకు నాట్యమాడే మామూలు అమ్మాయిలు. వాళ్లతో ఎవరికీ పరిచయం లేదు, అవసరమూ లేదు. "ప్రధాన స్రవంతి" అని మనం అనేదానికి ఒక ముఖం కల్పించవలసి వస్తే అది తరచుగా చదువు తక్కువైన ఆడపిల్ల ముఖం కావడం నాకు చిన్న విషయంగా తోచదు.

మున్నేరు (ఖమ్మం)

ఇంత పాండిత్యం అవసరమా అని నా సందేహం. తండ్రి డబ్బుతో కట్టే అద్దె ఇంట్లో ఉంటూ కూలివాడి బీరు తాగడం పగటివేషం, అంతే. పగటివేషగాళ్లకైనా ఆ విద్య మీద పొట్ట గడిచేది. ఆ ఫిక్స్‌డ్ గేర్ సైకిలు సంగతే చూడండి. వెనుక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరుగుతూనే ఉంటాయి, కాలు ఆపడానికి వీల్లేదు. న్యూయార్క్ వీధుల్లో ఉత్తరాలు, పార్శిళ్లు మోసే కుర్రవాళ్లు దాన్ని వాడారంటే అర్థముంది. విడిభాగాలు తక్కువ, మరమ్మతు ఖర్చు తక్కువ. ఆఫీసులో కూర్చొని పనిచేసేవాడికి బ్రేకు లేని సైకిలుతో ఏం పని? బతకడానికి ఒకడు వాడుకున్నదాన్ని ఇంకొకడు అలంకారం చేసుకుంటే దాన్ని సంస్కృతి అని నేను అనలేను.

గోదారిగట్టు (న్యూజెర్సీ)

మున్నేరు గారూ, మీ కోపాన్ని నేను కాదనను, కాని ఆ బీరు కథ మీరనుకున్నదానికంటే చిత్రమైనది. పాబ్‌స్ట్ బ్లూ రిబ్బన్ అనే ఆ బీరు మిల్వాకీ నగరపు కార్మికుల పానీయంగా పేరుపడింది. దాని అమ్మకాలు దశాబ్దాల తరబడి పడిపోతూ వచ్చాయి, 1996లో కంపెనీ మిల్వాకీలోని కర్మాగారాన్నే మూసేసింది. 2002 ప్రాంతంలో అమ్మకాలు ఉన్నట్టుండి లేవడం మొదలైంది. పోర్ట్‌లాండ్ వంటి నగరాల్లో సైకిలు కొరియర్లూ, సంగీత బృందాలవాళ్లూ అది చవకని, టీవీలో దాని ప్రకటనలు రావని తాగడం మొదలుపెట్టారు. కంపెనీ తెలివి ఏమిటంటే, ఆ తర్వాత కూడా టీవీ ప్రకటనలు ఇవ్వకుండా జాగ్రత్తపడింది, ఇస్తే గుట్టు రట్టవుతుందని. అప్పటికి ఆ బీరును కాచేది కూడా వేరే పెద్ద కంపెనీ కర్మాగారాల్లోనే. కార్మికుల బీరు అని జనం తాగిన రోజుల్లో దాన్ని తయారుచేసే సొంత కార్మికులు ఆ కంపెనీకి లేరు.

సున్నా_ఒకటి (మదనపల్లె, ప్రస్తుతం బెంగళూరు)

నేను లెక్కల మనిషిని. ఈ విషయానికి ఒక లెక్క ఉంది. తర్వాత అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో చేరిన జొనాథన్ టూబుల్ 2014లో ఒక గణిత నమూనా ప్రతిపాదించారు. ఒక గుంపులో అందరూ "ఎక్కువమంది చేసేదానికి విరుద్ధంగా చేస్తాను" అనుకొనేవాళ్లే ఉన్నారనుకోండి. ఎక్కువమంది ఏం చేస్తున్నారన్న కబురు ఎవరికీ అప్పటికప్పుడు అందదు, కొంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఒక హద్దు దాటిందంటే, విరుద్ధంగా వెళ్దామనుకున్న వాళ్లందరూ ఒకేసారి ఒకే వైపు తిరుగుతారు, కొంతకాలానికి మళ్లీ అందరూ కలిసి ఇటు తిరుగుతారు. వేరుగా ఉండాలన్న పట్టుదలే వాళ్లను ఒకే మూసలో పోస్తుంది.

మా ఊరివాళ్లకు దీన్ని బోధపరచడానికి సమీకరణం అక్కర్లేదు. ఈ కారు టమాటా ధర బాగుందని చూసి అందరూ వచ్చే కారుకు టమాటా వేస్తారు, పంట మార్కెట్టుకు వచ్చేసరికి ధర కుప్పకూలి కాయలు రోడ్డు పక్కన పారబోస్తారు, ఆ ధర చూసి ఆ పై కారుకు అందరూ మానేస్తారు. ఎవరికి వారు తెలివిగానే ఆలోచించారు, కాని అందరూ చూసింది పాత ధర.

గడ్డాల మీద కూడా 2014లోనే ఒక ప్రయోగం జరిగింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జనానికి ముఖాల ఫొటోలు చూపించి అందానికి మార్కులు వేయమన్నారు. ముందు చూపినవాటిలో గడ్డాలు అరుదుగా ఉంటే గడ్డానికి ఎక్కువ మార్కులు పడ్డాయి. ముందు అన్నీ గడ్డాలే చూపితే నున్నటి చెంపలకు పడ్డాయి. 2019లో టూబుల్ నమూనా గురించి ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ రాసి, గళ్ల చొక్కా, అల్లిన టోపీ, గడ్డం ఉన్న ఒక మోడల్ ఫొటోను జతచేసింది. ఒక పాఠకుడు అది తన ఫొటో అని, తన అనుమతి లేకుండా వాడి తనను అవమానించారని బెదిరిస్తూ లేఖ రాశాడు. పత్రికవాళ్లు ఫొటో సంస్థను సంప్రదించి ఆరా తీస్తే, ఆ ఫొటోలోని మనిషి వేరెవరో. హిప్‌స్టర్లందరూ ఒకేలా ఉంటారన్న వ్యాసం మీద తగవుకు వచ్చినవాడు తన ముఖాన్నే తాను పోల్చుకోలేకపోయాడు.

వానచినుకు (హైదరాబాద్)

తెలుగువాళ్ల దగ్గర వేరుపడిన గుంపు అంటే నాకు వెంటనే దిగంబర కవులు గుర్తుకు వస్తారు. 1965లో హైదరాబాద్‌లో ఆరుగురు కవులు ఇంటిపేర్లూ కన్నవాళ్లు పెట్టిన పేర్లూ వదిలేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అయ్యారు. వారాలకూ రుతువులకూ కూడా సొంత పేర్లు పెట్టుకున్నారు. మొదటి సంపుటిని ఏ పెద్దమనిషి చేతనో కాక అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. కింది అంతస్తు గుర్తును ఎత్తుకోవడమన్న విషయంలో ఆ రిక్షా కార్మికుడికీ, రేవతి గారు చెప్పిన లారీ టోపీకీ తేడా ఏమిటని నా అనుమానం. ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పాతపుస్తకం (విజయవాడ)

తేడా ఉంది, కాని మీ ప్రశ్న దిగంబరులకూ కొంత తగులుతుందని ఒప్పుకోవాలి. వాళ్లు తమకు తామే ఒక పేరు పెట్టుకొని, దాన్ని పుస్తకం అట్ట మీద వేసి, తిట్లు తిన్నారు. 1968లో మూడో సంపుటితో ఆపేశారు. ఆరుగురిలో నలుగురు 1970లో పుట్టిన విరసంలోకి వెళ్లారు, అంటే వేరుపడటం వాళ్లకు మజిలీ మాత్రమే. మన కవుల కొలమానం "ఎవరు ముందు" అన్నది కాదు, "ఎవరు ఎంతకు తెగిస్తారు" అన్నది. హిప్‌స్టర్ దగ్గర తెగింపుకు తావు లేదు, ఎందుకంటే అతడు దేన్నీ బాహాటంగా ఎదిరించడు. అతడి గొడవ పెద్దవాళ్లతో కాదు, ప్రభుత్వంతో కాదు, తన వెనుక వరుసలో నిలబడినవాడితో. ఫలానా బృందం పాటలు తాను రెండేళ్ల క్రితమే విన్నాడు, ఇవాళ వింటున్నవాడు పామరుడు. ఇటువంటి గీత ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి దాని మీద పేరు రాయడం కుదరదు. పేరు పడిన రోజున దాన్ని దాటిపోవాలి. గోదారిగట్టు గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే.

గోదారిగట్టు (న్యూజెర్సీ)

కదిలే గీత అన్నారు, బాగుంది. ఆ గీత నేల మీద కూడా కదిలిందని చెప్పాలి. విలియమ్స్‌బర్గ్‌లో కర్మాగారాలు మూతపడ్డాక ఖాళీగా పడివున్న గోదాముల్లోకి 1970లు, 80ల నుంచి చిత్రకారులు, సంగీతకారులు చేరుతూ వచ్చారు. ఎల్ అనే భూగర్భ రైలు ఎక్కితే బెడ్‌ఫర్డ్ ఎవెన్యూ స్టేషను నుంచి నది కింద ఒక్క స్టాపు, మన్‌హాటన్ వచ్చేస్తుంది. అద్దె మాత్రం మన్‌హాటన్ అద్దె కాదు. 2005లో నగర మండలి ఆ నదీతీరంలో ఎత్తైన నివాస భవనాలు కట్టుకోవడానికి వీలుగా భూవినియోగ నిబంధనలు మార్చింది. అద్దాల మేడలు లేచాయి. పేట దక్షిణ భాగంలో తరాలుగా ఉంటున్న ప్యూర్టోరికో కుటుంబాలు ముందు కదలవలసి వచ్చింది, తర్వాత చిత్రకారులే కదిలారు. 2016లో అక్కడ ఆపిల్ దుకాణం తెరిచారు. డబ్బున్నవాళ్ల రాకతో పాత నివాసులు తరలిపోయే ఈ క్రమానికి సామాజికవేత్త రూత్ గ్లాస్ 1964లోనే లండన్‌ను చూసి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టారు. నిబంధనలు మార్చింది మండలి, మేడలు కట్టింది బిల్డర్లు. తిట్లు మాత్రం గడ్డం కుర్రవాళ్లకు పడ్డాయి, ఎందుకంటే వీధిలో కనిపించేది వాళ్లే.

నేను చేరిన ఏడాదే జరిగిన సైకిలు గీత గొడవ కూడా చెప్పి తీరాలి. బెడ్‌ఫర్డ్ ఎవెన్యూ మీద సైకిళ్ల కోసం నగరపాలక సంస్థ తెల్లగీత గీసి ప్రత్యేక దారి ఏర్పరచింది. అది హసిదిక్ పేట మధ్య నుంచి పోతుంది. పొట్టి దుస్తులు వేసుకొని సైకిళ్ల మీద వెళ్లే ఆడవాళ్లు తమ మర్యాదకు భంగమని, బడి బస్సులు ఆగేచోట సైకిళ్ల వల్ల పిల్లలకు ప్రమాదమని అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పారు. 2009 డిసెంబరులో నగరం ఆ గీతను 14 బ్లాకుల మేర ఇసుకను వేగంగా చిమ్మి గీకించేసింది. కొన్ని రోజులకు సైకిళ్లవాళ్లు రాత్రిపూట రంగుడబ్బాలు తెచ్చి తామే మళ్లీ గీస్తూ పట్టుబడ్డారు. ఆ ఒక్కసారి మాత్రం వాళ్లు తమకంటూ ఒక పక్షముందని ఒప్పుకున్నట్టు నాకు అనిపించింది. 

రేవతి (లీసెస్టర్)

కనిపించేవాడికే తిట్లు అన్నదానికి ఇక్కడా ఒక ఉదాహరణ ఉంది. లండన్‌లో బంగ్లాదేశీయులు ఎక్కువగా ఉండే బ్రిక్ లేన్‌లో 2014 డిసెంబరులో ఇద్దరు అన్నదమ్ములు పొద్దుటి పలహారపు సీరియల్స్ మాత్రమే అమ్మే కేఫ్ తెరిచారు. బీదపేటలో గిన్నెడు సీరియల్‌కు అంత ధర తీసుకోవడం ఏమిటని దేశమంతా చర్చ జరిగింది. 2015 సెప్టెంబరులో అద్దెల పెరుగుదల మీద ఊరేగింపు తీసినవాళ్లు ఆ కేఫ్ అద్దాల మీద రంగు చల్లారు, తిట్టు రాశారు. అప్పుడు అదే చుట్టుపక్కల కోట్ల విలువచేసే మేడలు లేస్తున్నాయి.

కాఫీపొద (పాడేరు)

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, కాని కాఫీ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ గుంపు వాళ్లకు కాఫీ అంటే ఏ దేశం, ఏ కొండ, ఏ ఎత్తు, పండును ఎలా ఎండబెట్టారు అన్న వివరాలన్నీ సంచి మీద ఉండాలి. 2017లో పారిస్‌లోని మారే పేటలో మా అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరిచారు. మావాళ్లు సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున పెంచే గింజ అది. మున్నేరు గారి కోపం నాకు అర్థమవుతుంది. మా కొండ పేరు అక్కడెవరికో పక్కవాడికంటే తనకు ఎక్కువ తెలుసునని చూపుకొనే సాధనమవుతుందని నాకూ తెలుసు. అయితే ఆ ఎరుక మీద మోజు లేకపోతే మా గింజ పేరూ ఊరూ లేకుండా ఏదో పెద్ద కంపెనీ డబ్బాలో కలిసిపోయేది. వాళ్ల గీత కదిలి రేపు ఇంకో దేశపు కొండ మీదికి పోతే ఏం చేయాలన్నదే మా బెంగ. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, మోజు అంతకాలం ఆగదు.

సున్నా_ఒకటి (మదనపల్లె, ప్రస్తుతం బెంగళూరు)

మీ బెంగ లెక్కకు అందేదే. టమాటా రైతు మూడు నెలల్లో పంట మార్చుకుంటాడు, మీకు ఆ వీలు లేదు. కబురు అందడంలో ఆలస్యం ఒకటి, మొక్క ఎదగడంలో ఆలస్యం ఇంకొకటి. రెండూ కలిస్తే ఊపు పెద్దదవుతుంది.

మున్నేరు (ఖమ్మం)

కాఫీపొద గారి మాటతో నా వాదం కొంత మెత్తబడిందని ఒప్పుకుంటున్నాను. పగటివేషం వల్ల కూడా ఎక్కడో ఒక కుటుంబానికి తిండి దొరుకుతోందంటే నేను కాదనడానికి లేదు. గోదారిగట్టు గారిని మాత్రం ఒక్క మాట అడగాలని మొదటి నుంచీ ఉంది. ఆరేళ్లు అక్కడ తిరిగానన్నారు, అందరి గడ్డాల గురించీ రాశారు. తమరికి గడ్డం ఉందా?

గోదారిగట్టు (న్యూజెర్సీ)

ఉందండీ. కాని దానికీ ఈ చర్చకూ ఏ సంబంధమూ లేదు. అది నేను 2009 శీతకాలంలో చలికి తట్టుకోలేక పెంచుకున్నది, అప్పటికి మా అంతస్తులో అంత గడ్డం మరెవరికీ లేదు.